రాజుగారి బిడ్డకు ఏమైందని అడిగాను

మా మనవడు నాథన్ ఇప్పుడు బోర్లా పడుతున్నాడు. ఈ ముక్క ముందే రాసేస్తున్నాను. చంటిబిడ్డ జబ్బు గురించి చదివేవాళ్ళు మొదట వెతుక్కునేది బతికాడా లేదా అనే. బతికాడు. ఇక నెమ్మదిగా చదవండి.

నేను అక్షరాలు నేర్చింది యాభై దాటాక, కాకినాడలో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తున్న రోజుల్లో. రాయడం ఇప్పటికీ నెమ్మదే. మా అమ్మాయి ప్రసన్న, "ఫోన్లో మాట్లాడితే అదే టైప్ చేస్తుందమ్మా" అంది. విన్నదంతా ఆ ఫోను ఇంకెవరికి చెబుతుందో నాకు తెలియదు. అందుకని చేత్తోనే రాస్తున్నాను.

జనవరి

ప్రసన్నకు పెళ్ళయి చాలా ఏళ్ళయింది. కడుపు నిలవక నిలవక, ఈసారి నిలిచి, కొత్త సంవత్సరం రోజున అమెరికాలో, ఫ్రీమాంట్‌లో మగబిడ్డ పుట్టాడు. నేను పురుడు పొయ్యడానికి ముందే వచ్చి ఉన్నాను. మా అల్లుడు సందీప్ తండ్రి దానియేలుగారు రాజమండ్రి నుంచి వచ్చారు. ఆయన ప్రభుత్వ కాలేజీలో హిస్టరీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. మా వియ్యపురాలు ప్రభువు దగ్గరికి వెళ్ళి చాలా కాలమయింది. ఇంటికి ఇద్దరం పెద్దవాళ్ళం. ఆయన్ని నేను అన్నయ్యగారూ అంటాను, నన్ను ఆయన చెల్లెమ్మా అంటారు. ఈ పిలుపులు మర్యాదకే. మా ఇద్దరికీ పడేది తక్కువ.

బిడ్డ పుట్టిన రోజు ఆయన ఫోను పట్టుకుని బంధువులందరికీ ఒకే మాట చెప్పారు. "ఇంగ్లండులో టూడర్ వంశపు రాజుకు తొలి మగబిడ్డ పుట్టింది సరిగ్గా ఈ రోజునే. గంటలు మోగించారు, ఫిరంగులు పేల్చారు, వీధుల్లో జనానికి వైన్ ఊరికే పోశారు. మనవాడు రాజకుమారుడి రోజున పుట్టాడు." ఆ రోజు నుంచి ఆయన నోట నాథన్ కాస్తా ప్రిన్స్ అయిపోయాడు.

"ఆ బిడ్డ పెరిగి పెద్ద రాజయ్యాడా అన్నయ్యగారూ?" అని అడిగాను.

"అదొక పెద్ద కథ చెల్లెమ్మా" అని ఫోను చెవికి పెట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయారు. చదువుకున్నవాళ్ళు పెద్ద కథ అన్నారంటే చెప్పడం ఇష్టం లేదని నాకు తెలుసు. అక్కడే నాకు మొదటి అనుమానం.

ఇంటికొచ్చాక చర్చివాళ్ళు వరసగా ప్రార్థనకు వచ్చారు. ఒక్కొక్కరు బిడ్డను ఎత్తుకుని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. నేను గుమ్మం దగ్గర చేతులు కడిగే మందు సీసా పట్టుకుని నిలబడ్డాను. "ఆంటీ, మేం అన్ని వ్యాక్సిన్లూ వేయించుకున్నాం" అంది ఒక అమ్మాయి. "మంచిది. చేతులు కూడా కడుక్కో" అన్నాను. తుమ్మినవాణ్ణి బయటే ఉంచి కిటికీలోంచి ప్రార్థన చేసుకోమన్నాను. మా అమ్మాయికి తలకొట్టేసినట్టయింది. నాకేం కాలేదు. నా కాపలా అంతా గుమ్మం దగ్గరే పెట్టాను. ఇంట్లో ఉన్నవాళ్ళ మీద పెట్టాలని తోచలేదు.

ఫిబ్రవరి

ముందు బిడ్డకు దొడ్డికి రావడం ఆగింది. డాక్టరు ఆఫీస్‌కి ఫోన్ చేస్తే తల్లిపాలు తాగే పిల్లలకు అలా అవుతుంది, చూద్దాం అన్నారు. చూశాం. తర్వాత పాలు పట్టు తప్పింది. రెండు గుక్కలు తాగి వదిలేసేవాడు. ఏడుపు సన్నబడింది. ఒక పొద్దున స్నానం చేయిస్తుంటే తల నా అరచేతిలో నీళ్ళలో గుడ్డలా అటూ ఇటూ వాలింది. కళ్ళు సగం మూసే ఉన్నాయి. అన్నిటికంటే నాకు భయం వేసింది ఆ ముఖం చూసి. అందులో చిరాకు లేదు, ఆకలి లేదు, ఏమీ లేదు. బిడ్డ లోపలెక్కడో ఉండిపోయి ముఖం మాత్రం బయట వదిలేసినట్టుంది.

"ప్రసన్నా, కారు తియ్యమను" అన్నాను.

పిల్లల హాస్పిటల్లో రక్తం తీశారు, వెన్నులోంచి నీళ్ళు తీశారు. ఊపిరి కష్టమవుతోందని సాయంత్రానికి గొట్టం వేశారు. ఇన్‌ఫెక్షన్ కావచ్చు, కండరాల జబ్బు కావచ్చు, పుట్టుకతో వచ్చిందేమో అన్నారు. ఇన్ని కావచ్చులు అన్నారంటే తెలియదనే కదా. చిరునవ్వుతో చెప్పేవాళ్ళంటే నాకు ముందే నమ్మకం లేదు.

ఒక పొడుగాటి డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. ఆవిడ కూర్చుని మమ్మల్ని అడిగింది. సందీప్ మాకు తెలుగులో చెప్పాడు. బిడ్డకు పాలు కాక ఇంకేమైనా ఇచ్చారా, మూలికలు గానీ, తేనె గానీ, అని.

అందరూ నా వైపు తిరిగారు.

"అమ్మా, నిజం చెప్పు" అంది ప్రసన్న. "వస, ఉగ్గు, ఏదన్నా నాలిక మీద రాశావా?"

"పాలసీసా మూత కూడా నీ కళ్ళెదురుగానే తీశాను."

"నీ మీద కోపం కాదమ్మా. తెలిస్తే ట్రీట్‌మెంట్ త్వరగా మొదలుపెడతారంట."

"అత్తయ్యగారూ, మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు" అన్నాడు సందీప్. ఎవరూ అనరు అని చెప్పాల్సి వచ్చిందంటే అప్పటికే అనుకున్నారన్నమాట.

నేను పెట్టలేదన్నాను. దానియేలుగారు చేతులు కట్టుకుని నేలకేసి చూస్తున్నారు. ఆయన్ని ఎవరూ అడగలేదు. ఎమ్మే చదివిన మనిషిని ఆ మాట ఎవరు అడుగుతారు? సందీప్ డాక్టరమ్మతో ఏమీ పెట్టలేదని చెప్పాడు. చెప్పేటప్పుడు మళ్ళీ ఒకసారి నా వైపు చూశాడు. ఆవిడ కూడా చూసింది.

మర్నాడు ఇంకొకావిడ వచ్చింది. మెడలో కార్డు, చేతిలో కంప్యూటరు. ఇంట్లో ఎవరెవరు ఉంటారు, బిడ్డను ఎవరు చూసుకుంటారు, ఇంట్లో అందరూ క్షేమంగా ఉన్నట్టు అనిపిస్తుందా అని అడిగింది. ఆవిడ వెళ్ళాక సందీప్ గొంతు తగ్గించి, "సోషల్ వర్కర్. ఇక్కడ ఏం మాట్లాడినా రాసుకుంటారు. ఎవరూ ఎక్స్‌ట్రా ఏం చెప్పకండి" అన్నాడు. ఈ దేశంలో పిల్లల్ని సరిగ్గా చూడలేదని లాక్కుపోతారని మా చర్చిలో చెప్పుకునే కథలు చాలా ఉన్నాయి. ఎవరి పిల్లల్ని లాక్కున్నారని అడిగితే ఒక్కరూ పేరు చెప్పరు. అయినా అందరికీ భయమే.

ఆ రోజు నుంచి బిడ్డ మంచం దగ్గర తల్లీతండ్రీ మాత్రమే ఉండేటట్టు ప్రసన్న నర్సుకు చెప్పింది. కారణం అడగలేదు నేను. నన్ను దగ్గరికి రానివ్వకూడదనే. నేను మళ్ళీ ఏదన్నా నోట్లో పెడతానేమోనని. నా బిడ్డ నన్ను అనుమానించింది. ఆ పరిస్థితిలో నేనయినా అనుమానించేదాన్ని. అయినా ఆ మాట గుండెలో ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

బయట గది

అలా నేనూ దానియేలుగారూ బయట గదిలో పడ్డాం. నీలం కుర్చీలు, గోడకి చేపల బొమ్మలు, ఎప్పుడూ ఆగని టీవీ. ఎదురుగా ఒక మెక్సికో ముసలావిడ కూర్చునేది. ఆవిడ మనవరాలు కూడా లోపలే ఉంది. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకు రాదు. ఒక రోజు కమలాపండు ఒలిచి సగం నా చేతిలో పెట్టింది. ఎందుకు పెట్టిందోనని వాసన చూశాను. ఆవిడ తన సగం నోట్లో వేసుకున్నాక నేనూ వేసుకున్నాను. ఆవిడ పకపకా నవ్వింది. ఆ గదిలో నేను విన్న నవ్వు అదొక్కటే.

గాజు తలుపులోంచి ఒక ఫిలిప్పీన్ నర్సు నన్ను రోజూ చూస్తూండేది. ప్రసన్న కాసేపు నిద్రపోయినప్పుడు ఆవిడే బయటికి వచ్చి, బొటనవేలు పైకెత్తో, అడ్డంగా తిప్పో బిడ్డ సంగతి చెప్పేది. ఆ బొటనవేలు ఎక్కువగా అడ్డంగానే ఉండేది.

ఒక మధ్యాహ్నం దానియేలుగారు, నేను అడగకుండానే, మొదలుపెట్టారు.

"ఆ రాజుగారి బిడ్డ సంగతి అడిగారు కదా చెల్లెమ్మా."

"అడిగాను. మీరు బాల్కనీలోకి వెళ్ళిపోయారు."

"ఆ బిడ్డకు ముందు వాళ్ళకొక బిడ్డ పోయింది. అందుకే అంత సంబరం. రాజు మొక్కు తీర్చుకోవడానికి పుణ్యక్షేత్రానికి వెళ్ళొచ్చాడు. గుర్రాల మీద పోటీలు పెట్టించాడు. బిడ్డకు సపరేటుగా నౌకర్లు. పాలివ్వడానికొక దాది, ఉయ్యాల ఊపడానికి జీతం మీద మనుషులు."

"తర్వాత?"

"రెండు నెలలు నిండకుండానే పోయాడు."

నేను ఆయన ముఖంలోకి చూశాను. లోపల బిడ్డ గొట్టం మీద ఉంటే బయట కూర్చుని పోయిన బిడ్డ కథ చెప్పే మనిషిని ఏమనుకోవాలి? మొదట ఒళ్ళు మండింది. లేచి వేరే కుర్చీలో కూర్చుందామనుకున్నాను. కానీ ఆయన గొంతు లెక్చరు చెప్పే గొంతులా లేదు.

"ఏమైంది ఆ బిడ్డకి?" అని అడిగాను.

"తెలీదు. ఏ చరిత్రలోనూ లేదు. ఘనంగా సమాధి చేశారని ఉంది. రాణి చాలా ఏడ్చిందని ఉంది. రాజు ఆవిడ ముందు ఏడవకుండా బిగపట్టుకున్నాడని ఉంది. ఎందుకు పోయాడో మాత్రం ఎవరూ రాయలేదు."

"రాయలేదంటే తెలియక కాదన్నయ్యగారూ. తెలిసినవాళ్ళు చెప్పలేదు."

"అదేం లేదమ్మా. ఆ రోజుల్లో మందులూ లేవు, పరీక్షలూ లేవు…"

"ఉయ్యాల చుట్టూ అంతమంది ఉన్నారన్నారు. పాలిచ్చేది ఒకతి, ఊపేవాళ్ళు కొందరు, వచ్చి చూసి పోయే దొరలు కొందరు. అంతమందిలో ఒక్కరికీ తెలియదా? ఎవరో ఏదో నోట్లో పెట్టి ఉంటారు. పెట్టినవాళ్ళు నోరు మూసుకుని ఉంటారు. ముందు ఎవర్ని అడిగి ఉంటారో కూడా చెప్పగలను. ఊపేవాళ్ళని. చదువు లేనివాళ్ళనే కదా ముందు అడిగేది."

ఇదంతా ఆయన్ని పట్టుకోవడానికి అనలేదు. నా కడుపులో మంట అది. నా మీద పడ్డ అనుమానం తిప్పి ఆ రాజుగారింటి మీద వేశాను. ఆ రాజుగారింట్లో అలా జరిగిందనీ నేను చెప్పలేను.

దానియేలుగారి ఎడమచేతి చిటికెన వేలికి మా వియ్యపురాలి ఉంగరం ఉంటుంది. దాన్ని తీసి జేబులో వేసుకున్నారు. మళ్ళీ జేబు తడుముకుని ఉందో లేదో చూసుకున్నారు. హాస్టల్లో పాతికేళ్ళు ఆడపిల్లల మధ్య ఉన్నదాన్ని. ఏదో దాస్తున్న మనిషి చేతులు ఎలా ఉంటాయో నేను చూశాను.

"అన్నయ్యగారూ, మీరేం పెట్టారు?"

"ఏంటమ్మా ఆ మాట…"

"నా కళ్ళలోకి చూసి చెప్పండి."

ఆయన టీవీ వైపు చూశారు. అందులో ఎవరో కేకు కోస్తున్నారు. అటే చూస్తూ చెప్పారు.

"తేనె. అరకు నుంచి తెప్పించాను. ఒక్క చుక్క. ఈ ఉంగరం అంచు తేనెలో ముంచి నాలికకి తాకించేవాణ్ణి. ప్రసన్న స్నానానికి వెళ్ళినప్పుడు, మీరు వంటింట్లో ఉన్నప్పుడు. ప్రార్థన చేసే పెట్టాను చెల్లెమ్మా."

"ఒక్కసారేనా?"

"కొన్ని రోజులు."

మా వైపు ఒక అలవాటుంది. పుట్టిన బిడ్డకు ఎవరు తేనె నాకిస్తే వాళ్ళ గుణాలు వస్తాయంటారు. ఇంట్లో బుద్ధిమంతుణ్ణో చదువుకున్నవాణ్ణో ఎంచి పెట్టిస్తారు. చర్చికి వెళ్ళేవాళ్ళమైనా ఆ అలవాటు మాలో పోలేదు. నేను వంటింట్లో ఉన్నప్పుడే ఆయన ఎందుకు పెట్టారో నాకప్పుడు అర్థమయింది. నాకు తెలిస్తే నేనూ ఒక చుక్క పెడతానంటానని.

"నాలాంటిది పెడితే మొద్దవుతాడనుకున్నారు."

ఆయన కాదనలేదు. నాకు కోపం రాలేదని రాస్తే అబద్ధం. ఆ ముసలాయన్ని కుర్చీతో సహా కింద పడేయాలనిపించింది.

"డాక్టరమ్మ తేనె అని అడిగినప్పుడు మీకు వినపడలేదా?"

"వినపడింది. అదే అయుంటుందని అనుకోలేదమ్మా. మా ఇంట్లో అందరికీ పెట్టాం, సందీప్‌కి కూడా పెట్టాం. తర్వాత ఆ సోషల్ వర్కర్ వచ్చేసరికి… ఇక్కడ పిల్లల్ని లాగేసుకుంటారు. వాడి గ్రీన్ కార్డు ప్రాసెస్‌లో ఉంది. కేసు అయితే…"

"బిడ్డే లేకపోతే ఎవర్ని లాక్కుంటారు?"

ఆయన రెండు చేతుల్తో ముఖం కప్పుకున్నారు. నేను ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని లేపాను. ఎదురుగా ఉన్న మెక్సికో ఆవిడ మమ్మల్ని చూసి, ఏమనుకుందో, తన శాలువా మోకాళ్ళ మీంచి లాక్కుని దారి ఇచ్చింది.

గాజు తలుపు కొట్టాను. నర్సు తీసింది. లోపల సందీప్‌తో, "మీ నాన్నగారు ఒక మాట చెప్పాలట, డాక్టరమ్మని పిలువు" అన్నాను. నేను చెప్పలేదు. ఆయనే చెప్పాలి. తండ్రి తెలుగులో చెబుతుంటే కొడుకు ఇంగ్లీషులోకి మార్చాడు. "హనీ" అన్న మాట దగ్గర సందీప్ ఆగిపోయాడు. దానియేలుగారే మిగతాది ఇంగ్లీషులో చెప్పారు.

డాక్టరమ్మ ఎవర్నీ తిట్టలేదు. ఎప్పటి నుంచి, ఆఖరుసారి ఎప్పుడు, అని అడిగి చరచరా వెళ్ళిపోయింది. తర్వాత మాకు చెప్పిందేమిటంటే, తేనెలో కంటికి కనపడని ఒక క్రిమి ఉండొచ్చు, పెద్దవాళ్ళని అది ఏమీ చెయ్యదు, ఏడాది నిండని బిడ్డ పేగుల్లో మాత్రం పెరిగి విషం పుట్టిస్తుంది, ఆ విషంతో కండరాలు చచ్చుబడతాయి. తనకు ఆ అనుమానం ఒక మూల ఉందట. ఏమీ పెట్టలేదన్నాం గనక వేరే జబ్బుల వెంట పడ్డారు. ఇక పరీక్ష ఫలితం కోసం ఆగకుండా దానికున్న ప్రత్యేకమైన మందు తెప్పిస్తామంది.

మందు వచ్చింది. ఎక్కించారు. పోలీసులు రాలేదు. సోషల్ వర్కర్ మాత్రం మళ్ళీ వచ్చింది. బిడ్డను లాక్కోవడానికి కాదు, మాకు కాంటీన్ కూపన్లు ఇవ్వడానికి. వాటి వెనక ఏం రాసుందో ప్రసన్నతో చదివించాను. శాండ్‌విచ్ అని రాసుందట.

ప్రసన్న నాకు సారీ చెప్పలేదు. నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, బిడ్డ మంచం పక్కన తను కూర్చునే కుర్చీలో కూర్చోబెట్టి, తను నేల మీద కూర్చుని నా మోకాలి మీద తల పెట్టుకుంది. నాకు అది చాలు.

మార్చి

బాగుపడడం చాలా నెమ్మది. ముందు కనురెప్పలు తెరిచాడు. తర్వాత గొట్టం తీశారు. ఆ తర్వాత ఒక రోజు నర్సు నా వేలు బిడ్డ నోట్లో పెట్టనిచ్చింది, నేను రెండుసార్లు కడుక్కున్నాక. చీకాడు. గట్టిగా కాదు, కానీ చీకాడు. ఆవిడ బొటనవేలు నిటారుగా పైకెత్తింది.

పరీక్షలో ఆ విషం బిడ్డకు ఉన్నట్టు తేలింది. తేనెలోంచే వచ్చిందా అంటే కచ్చితంగా చెప్పలేమన్నారు. ఆ క్రిమి మట్టిలోనూ దుమ్ములోనూ ఉంటుందట. చాలామంది పిల్లలకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియనే తెలియదట. తేనె సీసా ఉంటే పరీక్ష చేసేవాళ్ళు. డాక్టరమ్మ తేనె అని అడిగిన రోజునే దానియేలుగారు దాన్ని అపార్ట్‌మెంట్ చెత్తలో పారేశారు. చెత్త బండి ఎప్పుడో తీసుకుపోయింది. నాకేమో తేనేననే అనుమానం. పోదు. కానీ అది నా అనుమానమే, రుజువు కాదు. రెండింటికీ తేడా ఉందని ఈ రెండు నెలల్లో నా ఒంటి మీద పడ్డాక తెలుసుకున్నాను.

ఇది చదివే అమ్మమ్మలకూ నాయనమ్మలకూ తాతయ్యలకూ ఒక్క మాట. ఏడాది నిండేదాకా బిడ్డకు తేనె వద్దు. ఒక్క చుక్క కూడా, ప్రార్థన చేసి కూడా. ఇప్పటికే పెట్టి ఉండి బిడ్డకు పాలు పట్టు తప్పితే, పరువు గురించీ వీసా గురించీ ఆలోచించకుండా డాక్టరుకు చెప్పేయండి. మా చర్చిలో సాక్ష్యం చెప్పినప్పుడు కూడా ఇదే చెప్పాను. పెట్టింది ఎవరో చెప్పలేదు. పాస్టరమ్మ బయట నన్ను పట్టుకుని, "మీరేనా ఆంటీ?" అని అడిగింది. ఎవరైతే ఏం, నీ కూతురికి పెట్టకు అన్నాను.

ఏప్రిల్

బిడ్డ ఇంటికి వచ్చాడు. సందీప్ తండ్రితో మాట్లాడడం మానేశాడు. తిన్నారా, మందు వేసుకున్నారా అన్న మాటలు కూడా నా ద్వారానే అడిగించేవాడు. నేను మధ్యలో నిలబడి ఇటు మాట అటు చేరవేసేదాన్ని. రెండు రోజులకు విసుగొచ్చి, "మీ నాన్న ఆ సోఫాలోనే ఉన్నాడు, చెవులున్నాయి" అన్నాను. దానియేలుగారు బిడ్డ ఉన్న గదిలోకి అడుగు పెట్టేవారు కాదు. ఎవరూ వద్దనలేదు. రమ్మనీ అనలేదు. ప్రిన్స్ అన్న మాట ఆయన నోట మళ్ళీ వినలేదు.

ఆయన తిరుగు ప్రయాణం రోజు సందీప్ పెట్టెలు కార్‌లో సర్దుతున్నాడు. ప్రసన్న హాల్లో బిడ్డకు చొక్కా తొడుగుతోంది. దానియేలుగారు బూట్లు వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డారు.

"ఒక్కసారి ఎత్తుకోనా?" అన్నారు. ప్రసన్నను కాదు, నన్ను అడిగారు.

ప్రసన్న నా వైపు చూసింది.

"చేతులు చూపించండి" అన్నాను.

ఆయన రెండు చేతులూ చాపారు. నేను చెప్పకుండానే తిప్పి వెనక వైపు కూడా చూపించారు. చిటికెన వేలికి ఉంగరం లేదు. కడుక్కురమ్మన్నాను. బూట్లు విప్పి వెళ్ళి కడుక్కొచ్చారు. సోఫాలో కూర్చోబెట్టి బిడ్డను ఒళ్ళో పెట్టాను. నాథన్‌కు అప్పటికింకా మెడ సరిగ్గా నిలవలేదు. ఆయన ముద్దు పెట్టుకోలేదు, ప్రార్థన చెయ్యలేదు, ఊపిరి కూడా పక్కకి తిరిగి వదులుతున్నారు.

"ఆ సీసా ఉంచి ఉంటే తెలిసేది చెల్లెమ్మా."

"తెలిసేది" అన్నాను.

కింద సందీప్ హారన్ కొట్టాడు. ఆయన వెంటనే లేవలేదు. నేను తొందర పెట్టలేదు. ఆయన పక్కనే, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా కూర్చున్నాను. ఆయన ఒళ్ళోంచి బిడ్డను మళ్ళీ తీసుకునేదాకా, వాడి తల కింద పెట్టిన నా చెయ్యి మాత్రం తియ్యలేదు.